రిస్క్-ఫైవ్ బోర్డు మీద కోడ్ ఎందుకు నత్తనడక నడుస్తోందో పట్టుకోవడం

నేను రాసిన బైనరీ లాగ్ పార్సర్ (లాగ్ ఫైల్‌లోని బైట్లను చదివి విడదీసే ప్రోగ్రామ్) ఎక్స్86 ల్యాప్‌టాప్‌లో ఒక్క సెకనులో అయిపోయేది. అదే కోడ్‌కు రిస్క్-ఫైవ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద నిమిషం దాటింది. చిన్న కోర్ కదా, ఐదారు రెట్లు నెమ్మదైతే సరే. అరవై రెట్లంటే ఇంకేదో ఉంది. ఇలాంటప్పుడు వెంటనే ఆప్టిమైజేషన్ ఫ్లాగులు మార్చకండి. ముందు సమయం ఎక్కడ పోతోందో చూడండి.

ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్ సెట్టింగ్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చి, ప్రోగ్రామ్‌ను ఒకే కోర్ మీద నాలుగైదుసార్లు నడపండి. తర్వాత సమయం ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర పోతోందో చూపే లినక్స్ టూల్ పెర్ఫ్: పెర్ఫ్ రికార్డ్, పెర్ఫ్ యానొటేట్. నా శాంపిల్స్ దాదాపు అన్నీ ఒక ఎల్‌డీ ఇన్‌స్ట్రక్షన్ (మెమరీ నుంచి 8 బైట్లు తెచ్చే లోడ్) చుట్టూనే పోగుపడ్డాయి. క్యాష్ మిస్ (డేటా క్యాష్‌లో లేక మెమరీ దాకా వెళ్లాల్సి రావడం) అనుకుని ఒక సాయంత్రమంతా దాని వెంట పడ్డాను. డేటాను ప్రాసెసర్‌కు అతి దగ్గరి క్యాష్ ఎల్1లో పట్టేంతకు తగ్గించినా తేడా రాలేదు, అంటే కారణం అది కాదు.

అసలు సంగతి తేల్చిన పరీక్ష చాలా చిన్నది: బఫర్ మొదలును 0 నుంచి 7 బైట్ల వరకు ఒక్కో బైటు జరుపుతూ, అదే 8 బైట్ల లోడ్‌ను లూప్‌లో కొలవండి. నాకు 0 దగ్గర మాత్రమే వేగంగా వచ్చింది, మిగతా ఏడూ ఘోరం. నా రికార్డులో ఒక బైటు ట్యాగ్, దాని వెనకే 64 బిట్ల టైమ్‌స్టాంప్. ప్రతి లోడూ అలైన్‌మెంట్ తప్పుతోంది, అంటే దాని అడ్రస్ 8 గుణిజం కావట్లేదు. రిస్క్-ఫైవ్‌లో ఇలాంటి లోడ్‌ను హార్డ్‌వేర్ నేరుగా చేయాలన్న నియమం లేదు. చేయని కోర్‌లో ట్రాప్ పడుతుంది (ప్రోగ్రామ్ మధ్యలో ఆగుతుంది), కెర్నల్ కింద ఉండే ఓపెన్‌ఎస్‌బీఐ లాంటి ఫర్మ్‌వేర్ ఆ లోడ్‌ను బైటు బైటుగా పూర్తిచేసి వెనక్కి పంపుతుంది. ఒక్కోసారికి వందల సైకిళ్లు. ఇదంతా కెర్నల్‌కు తెలియకుండానే జరుగుతుంది కాబట్టి టైమ్ కమాండ్‌లో సిస్ (కెర్నల్‌లో గడిచిన సమయం) పెరగదు, యూజర్ ఖాతాలోనే పడుతుంది. నన్ను ఎక్కువగా తికమక పెట్టింది ఇదే.

అలైన్‌మెంట్ తప్పిన లోడ్లు రాయొద్దని కంపైలర్‌కు చెప్పే ఎమ్‌స్ట్రిక్ట్-అలైన్ ఫ్లాగు ఇస్తే సరిపోతుందని అనుకోవద్దు. బైట్ పాయింటర్‌ను 64 బిట్ల పాయింటర్‌గా క్యాస్ట్ చేశారంటే, అడ్రస్ అలైన్ అయి ఉందని మీరే కంపైలర్‌కు మాటిచ్చినట్టు. అది నమ్మి ఎల్‌డీయే రాస్తుంది. క్యాస్ట్ తీసేసి, 8 బైట్ల మెమ్‌కాపీతో లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకోండి. ఆ ఫ్లాగు అప్పుడు పనికొస్తుంది: కంపైలర్ బైట్ లోడ్లు, షిఫ్టులు పెడుతుంది. ఇరవై పైచిలుకు ఇన్‌స్ట్రక్షన్లయినా ట్రాప్ కంటే ఎంతో చౌక. ఫార్మాట్ మీ చేతిలో ఉంటే ట్యాగ్ తర్వాత 7 బైట్ల ప్యాడింగ్ (ఖాళీ బైట్లు) ఇంకా మేలు.

మిగతా క్యాస్టులను కళ్లతో వెతకక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లోనే ఎఫ్‌శానిటైజ్=అలైన్‌మెంట్ అనే కంపైలర్ ఫ్లాగు పెట్టి టెస్టులు నడపండి, నడిచిన దారిలో తప్పిన ప్రతి చోటునూ లైన్ నంబర్‌తో చూపిస్తుంది. నా కోడ్‌లో ఇంకో మూడు దొరికాయి.