ట్రిల్బీని మళ్లీ తవ్వి తీయాలంటే

'ట్రిల్బీ' అనే పాత ఇంగ్లీషు నవలని, దాని మీద వచ్చిన నాటకాన్ని మళ్లీ చదవాలంటే, పుస్తకంతో మొదలుపెట్టకండి, పాటతో మొదలుపెట్టండి. 'బెన్ బోల్ట్' అనే పాత అమెరికన్ పాట, ఇప్పుడు వినే బాణీ 1848 నాటిది, యూట్యూబ్‌లో దొరుకుతుంది. రెండుమూడుసార్లు వినండి, చెవిలో పడాలి.

తర్వాత నవల. జార్జ్ డ్యూ మారియే రాసింది, 1894లో హార్పర్స్ పత్రికలో సీరియల్‌గా వచ్చి అప్పట్లో జనాన్ని ఊపేసింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితం. బొమ్మలున్న ప్రతే తీసుకోండి, అవి రచయితే గీశాడు. మధ్యలో ఫ్రెంచ్ ముక్కలొస్తాయి, టెన్షన్ పడకుండా దాటేయండి. మొదట్లో కథానాయిక ట్రిల్బీ ఆ 'బెన్ బోల్ట్' పాటే పాడుతుంది, ఎంత అపశ్రుతిగా అంటే వినేవాళ్లకి ఎటు చూడాలో తెలియదు. ఆమెనే స్వెంగాలీ అనే సంగీతకారుడు హిప్నాటిజంతో మహా గాయనిని చేస్తాడు. లండన్ కచేరీలో అతను థియేటర్ బాక్సులో, అంటే ప్రత్యేకంగా విడిగా ఉండే సీట్లలో, కూర్చున్నచోటే చచ్చిపోతాడు, అంతే, ఆమె మళ్లీ అదే పాటని అలాగే ఖూనీ చేస్తుంది! పాట ముందే వినమన్నది ఇందుకే. ఒక్క మాట, స్వెంగాలీని రచయిత యూదుల మీద ద్వేషంతోనే చిత్రించాడు, చదువుతుంటే చిరాకేస్తుంది.

ఇక నాటకం. పాల్ పాటర్ రాశాడు, 1895లో బోస్టన్‌లో ఆడి, అదే ఏడాది లండన్‌లోని హేమార్కెట్ థియేటర్‌కి వచ్చింది, అక్కడ స్వెంగాలీ వేషం నటుడు బీర్‌బోమ్ ట్రీది. నాటకం చదివేటప్పుడు పాట వచ్చేచోట ఆగి, ఫోన్‌లో ఆ పాట పెట్టుకోండి. లేకపోతే సగం సీన్లు చప్పగా ఉంటాయి. ఓపికుంటే 1931 నాటి 'స్వెంగాలీ' సినిమా కూడా చూడండి, స్వెంగాలీగా వేసిన జాన్ బారీమోర్ కళ్ల కోసమైనా.