సండే స్కూల్ క్రాఫ్టులు ఊడిపోతున్నాయా? ముందు ఒక నీటి చుక్క వేసి చూడండి

ప్రతి మే నెలలో వీబీఎస్ (వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు పెట్టే బైబిలు క్లాసులు) మొదలైన మూడో రోజుకల్లా ఎవరో ఒక టీచర్ నాకు ఫోన్ చేస్తారు. "అక్కా, నిన్న చేయించిన నోవహు ఓడలన్నీ ఊడిపోయాయి. జిగురు మంచిది కాదేమో, ఏది కొనమంటారు?" నేను అడిగేది ఒక్కటే: అట్ట మీద నీటి చుక్క వేసి చూశారా? ఇంతవరకు చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. కత్తిరించడం, కొలిచి మడవడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

సమస్య: క్లాసులో బాగానే అతికింది, తెల్లారేసరికి ఊడింది

మన గోదావరి జిల్లాల్లో క్రాఫ్టుల కోసం అట్ట కొనేవాళ్లు తక్కువ. పాత శుభలేఖలు, పూతరేకుల పెట్టెలు, కాజా పెట్టెలు, చీరల పెట్టెలు ఏడాది పొడుగునా పోగుచేస్తాం. మంచి పనే. కానీ వాటిలో చాలావాటి మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నీళ్లుంటాయి. ఆ నీళ్లు కాగితంలోకి ఇంకి, జిగురు కాగితపు పీచును పట్టుకుని ఆరితేనే అతుకు నిలుస్తుంది. ప్లాస్టిక్‌లోకి నీళ్లు ఇంకవు. తడి ఉన్నంతసేపూ రెండు ముక్కలూ అంటుకున్నట్టే ఉంటాయి, పూర్తిగా ఆరాక విడిపోతాయి. అందుకే క్లాసులో ఏమీ తెలియదు.

మెరిసే కార్డయితే ఎవరికైనా అనుమానం వస్తుంది. నన్ను రెండేళ్లు ఏడిపించింది మెరవని పొర. ప్రెస్సువాళ్లు దాన్ని మ్యాట్ లామినేషన్ అంటారు. చేత్తో నిమిరితే మంచి కాగితంలాగే మెత్తగా ఉంటుంది. ఒక పెళ్లిలో మిగిలిపోయిన శుభలేఖలు కట్టలుగా మా చర్చికి ఇచ్చారు. మందంగా, మీగడ రంగులో ఎంత బాగున్నాయో. ఓడ తలుపులన్నీ వాటితోనే కత్తిరించాం. ముగింపు రోజు తల్లిదండ్రులు వచ్చేసరికి తలుపులన్నీ బల్ల మీద రాలి ఉన్నాయి. జిగురు తప్పనుకుని మరుసటి ఏడు కొత్త డబ్బా కొన్నాను. అప్పుడూ రాలాయి. ఉక్కపోత అనుకున్నాను, మా చర్చి కాలువ గట్టు పక్కనే ఉంటుంది మరి. ఫ్యాను కింద పెట్టి, కీర్తనల పుస్తకాలు బరువు పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున ఆరేళ్ల బాబు తన తలుపు చేతిలో పట్టుకొచ్చి "నేను సరిగ్గా రాయలేదా టీచర్?" అని అడిగాడు. వాడు నేను చెప్పినట్టే రాశాడు. అప్పుడుగానీ ఆ తలుపు తిప్పి చూడాలని నాకు తట్టలేదు.

వెనక జిగురు మొత్తం ఆరిన గంజి పొరలా ఉంది. గోటితో లాగితే ముక్కలు కాకుండా ఊడొచ్చింది. దానికి ఒక్క కాగితపు పీచు కూడా అంటుకోలేదు. మీరూ ఊడిన ముక్క వెనక ఇదే చూడండి. జిగురుతోపాటు కాగితం చిరిగి వచ్చిందంటే జిగురు తన పని చేసింది, కాగితమే పలచన. జిగురు శుభ్రంగా, పారదర్శకంగా ఊడొచ్చిందంటే అది అసలు లోపలికే వెళ్లలేదు.

ముందే తెలుసుకోవాలంటే ఒక్క నీటి చుక్క వేసి నిమిషం ఆగండి. తడి మరక పడితే అట్ట పనికొస్తుంది. తామరాకు మీద బొట్టులా నిలబడితే పొర ఉన్నట్టే. రెండు వైపులా చూడండి, ఎందుకంటే కొన్ని స్వీటు పెట్టెలకు నెయ్యి పీల్చకుండా లోపల కూడా పొర వేస్తారు. ఇంకా అనుమానముంటే మూల చింపండి. కాగితం చిరిగాక కూడా సన్నటి పొర సాగుతూ వేలాడితే అదే దొంగ.

పొర ఉన్న అట్టను పారేయక్కర్లేదు. తిప్పి రెండో వైపు వాడండి. బొమ్మ ఉన్న వైపే కావాలంటే జిగురు పడే చోట మాత్రం గరుకు కాగితంతో రుద్దండి, నీటి చుక్క ఇంకేదాకా. రెండు వైపులా అంటుకునే డబుల్ టేపు ప్లాస్టిక్‌కి అంటుతుంది కానీ మే ఎండలకు జారుతుంది, ఒక్కరోజు ప్రదర్శనకైతే సరే. తలుపులాగా కదిలే భాగానికి మాత్రం నేను జిగురే మానేశాను. సూదితో రెండు బెజ్జాలు పెట్టి లేసు దారంతో ముడి వేయిస్తాను. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లేవాళ్లకు కొదవ లేదు, అడిగితే మిగిలిన దారం ఇస్తారు. మిషనరీలతో ఇక్కడికి వచ్చిన అల్లికే అది. ఆ ముడి వేశాక ఇంతవరకు ఒక్క తలుపూ ఊడలేదు.

ఓడ మాట వచ్చింది కాబట్టి కొలత కూడా చూసుకోండి. ఆదికాండము 6వ అధ్యాయంలో 300 మూరల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు అని ఉంది. పది మూరలకు ఒక సెంటీమీటరు లెక్కన 30, 5, 3 సెంటీమీటర్లు. పొట్టిగా, గుండ్రంగా ఉండే బొమ్మల పడవ కాదు, పొడవాటి పెట్టె. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర అని చెప్పి పిల్లల చేత ఆవరణ కొలిపించండి. ఆ తర్వాత వాళ్లే సరిగ్గా కత్తిరిస్తారు.

సమస్య: చార్టు వంకర్లు తిరుగుతోంది

జిగురు ఎక్కువ రోజులు రావాలని నీళ్లు కలిపి ఉంటారు. ఒక వైపే తడిసిన కాగితం ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. నీళ్లు కలపకండి, అంచులకే పలచగా రాయించండి, కాస్త తడిగా ఉండగానే బరువు పెట్టండి. పెద్ద చార్టయితే వెనక కూడా అంతే సైజు కాగితం అతికించండి, రెండు వైపులా లాగుడు సమానమై నిటారుగా నిలుస్తుంది.

సమస్య: యోసేపు రంగురంగుల అంగీ బొమ్మలో రంగులు కలిసిపోయాయి

స్కెచ్ పెన్నుల రంగు జిగురులోని తడికి కరుగుతుంది. ముందు అతికించి, ఆరాక రంగు వేయించండి, లేదా క్రేయాన్లు ఇవ్వండి. టైలరు దగ్గర దొరికే గుడ్డ పీలికలైతే ఇంకా బాగుంటుంది.

సమస్య: పసి మోషేను దాచిన జమ్ముపెట్టె రెండు రోజులకే వదులైపోయింది

జమ్ము మన కాలువ గట్ల మీద దొరుకుతుంది కాబట్టి నిజమైన జమ్ముతోనే అల్లించాలని నాకు పట్టుదల. కానీ పచ్చిగా అల్లితే ఆరాక సన్నబడి అల్లిక సడలుతుంది. కోసి, చీల్చి, నాలుగైదు రోజులు నీడన ఆరబెట్టండి. అల్లే ముందు తడిగుడ్డలో చుట్టి ఉంచితే విరగకుండా వంగుతుంది. మట్టల ఆదివారానికి కొబ్బరాకుతో చేసే సిలువలు ముడుచుకుపోయేది కూడా ఇందుకే. జమ్ము కోయడానికి పెద్దవాళ్లు వెళ్లాలి, పిల్లల్ని కాలువలోకి దించకండి.

సమస్య: మైదా జిగురుతో అతికించినవి బొద్దింకలు కొరికేశాయి, బూజు పట్టాయి

పోస్టర్లు అంటించేవాళ్లు దీనికి విరుగుడుగా మైలతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఎంత కొంచెమైనా వద్దు. ఆ రోజుకు కావాల్సినంతే ఉడికించి, మిగిలింది పారబోయండి. ఏడాదంతా ఉంచుకోవాల్సిన వాటికి మైదా వాడకండి.

ఇక జిగురే పాడైపోవడమంటారా, డబ్బాలో పెరుగులా విరిగి కనిపిస్తే పారేయండి. ఇన్నేళ్లలో అలాంటిది నేను రెండుసార్లే చూశాను.