జారిపోయే మెరుపు పోగులను ఇలా నిలబెట్టాను

చేపలకు ఎరగా గాలానికి బొచ్చు, దారాలతో కృత్రిమ ఈగలు కట్టేటప్పుడు, చేతిపనుల కోసం అమ్మే సన్నని మెరుపు పోగులు వాడటం నాకు ఎంతో ఇష్టం. చిక్కల్లా ఒక్కటే: ఆ పాలియెస్టర్ పోగులకు పట్టు ఉండదు, దారానికి చుట్టబోతే జారి విడిపోతాయి. వాటిని సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి, నాలుగు వంతుల కుందేలు బొచ్చుకు ఒక వంతు చొప్పున వేళ్లతో లాగుతూ కలిపాను. బొచ్చు వాటిని పట్టి ఉంచింది. దారానికి మైనం రాసి, మిశ్రమాన్ని పలుచగా, ఒకే దిశలో మెలిపెట్టాను. ఆ దారాన్ని గాలం చుట్టూ చుట్టాక సూదిమొనతో కాస్త రేపితే, బొచ్చు సందుల్లోంచి తళుకు అక్కడక్కడ తొంగిచూస్తుంది, నీటిపురుగును అంటుకున్న గాలిబుడగల్లా. అంతకు మించిన మెరుపు నాకు నచ్చదు. అన్నట్టు, వేడికి అతుక్కునే రకం పోగులైతే మంట దగ్గరకు రానివ్వకండి, ముద్దగా మారిపోతాయి.