దుబాయ్‌లో ట్రాన్సిట్‌లో ఉండగా వానకి ఫ్లైట్లు ఆగిపోతే ఏం చేయాలి

2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో వాన దంచికొట్టినప్పుడు నేనూ మా అమ్మా అక్కడే ఉన్నాం, డల్లాస్ నుంచి హైదరాబాద్ వస్తూ మధ్యలో ఇరుక్కుపోయాం. ఆ ఎయిర్‌పోర్ట్ దగ్గర సగటున ఏడాదంతా కలిపి 95 మిల్లీమీటర్ల వాన కూడా పడదట, ఆ 24 గంటల్లోనే 142 పైన పడింది, టాక్సీవేల మీద, అంటే విమానాలు రన్‌వేకి వెళ్లే దారుల మీద నీళ్లు నిలిచిపోయాయి, మొత్తం 2,155 ఫ్లైట్లు క్యాన్సిల్ అయ్యాయి, అన్నీ సర్దుకునేసరికి వారం పట్టింది. మనవాళ్లు ఎంతోమంది అమ్మానాన్నల్ని ఒంటరిగా ఇదే రూట్లో పంపిస్తుంటారు, అందుకే రాస్తున్నా.

బోర్డు మీద డిలేడ్ అని కనపడగానే అందరూ కౌంటర్ దగ్గరికి పరిగెత్తుతారు, మీరూ వెళ్లండి కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి. ఇద్దరుంటే ఒకరు లైన్లో నిలబడాలి, ఇంకొకరు యాప్‌లో ట్రై చేస్తూ ఉండాలి, మూడో మనిషి, అంటే ఇండియాలోనో అమెరికాలోనో ఉన్న మీ తమ్ముడో అక్కో, వాళ్ల దేశంలో ఉన్న ఎయిర్‌లైన్ నంబర్‌కి కాల్ చేయాలి. దుబాయ్ నంబర్ కలవదు, వేలమంది దానికే చేస్తుంటారు కదా. మాకు సీటు దొరికింది అలాగే, హైదరాబాద్‌లో మా తమ్ముడు ఫోన్ చేసి పీఎన్‌ఆర్ చెప్తే మార్చారు, అప్పటికి నేను 5 గంటలుగా లైన్లోనే ఉన్నా.

టికెట్ మాత్రం మీ అంతట మీరు క్యాన్సిల్ చేసుకోవద్దు, ఎంత విసుగొచ్చినా సరే. ఎయిర్‌లైనే క్యాన్సిల్ చేస్తే వేరే ఫ్లైటో రీఫండో అడగొచ్చు, మీరు చేసుకుంటే ఛార్జీలు పడొచ్చు. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే హైదరాబాద్ దాకా చేర్చే బాధ్యత వాళ్లదే, నాలుగు డబ్బులు మిగులుతాయని విడివిడిగా కొంటే మాత్రం రెండో టికెట్ సంగతి మీరే చూసుకోవాలి. పెద్దవాళ్లకి ఎప్పుడూ ఒకే టికెట్ కొనండి.

ఇప్పుడు మందులు. మా అమ్మకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, హ్యాండ్ బ్యాగ్‌లో ఒక్క రోజుకి సరిపడా పెట్టుకుంది, మిగతాదంతా చెకిన్ బ్యాగ్‌లో ఉండిపోయింది, ఆ బ్యాగ్ మధ్యలో తీసి ఇవ్వమంటే కుదరదన్నారు. రెండో రోజు పొద్దున ఆవిడ ఖాళీ స్ట్రిప్పు చేతిలో పట్టుకుని వెనక రేకు మీద పేరు వేలితో తడుముతూ, ఇది ఇక్కడ దొరుకుతుందా అమ్మా అని అడిగింది, ఆ రేకు చిరిగిపోయి సగం అక్షరాలే మిగిలాయి. అదృష్టం కొద్దీ ప్రిస్క్రిప్షన్ ఫొటో నా ఫోన్లో ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో ఉన్న ఫార్మసీలో షుగర్ మందు పేరు మెట్‌ఫార్మిన్ అని చెప్తే ఇచ్చారు. ఇండియన్ బ్రాండ్ పేరు చెప్తే బయట అర్థం కాదు, అసలు మందు పేరు, ఎన్ని ఎంజీ అనేది రాసి ఉంచుకోండి. కనీసం వారానికి సరిపడా మందులు చేతి సంచిలోనే ఉండాలి, ఇది మాత్రం తప్పనిసరి.

బయట హోటల్‌కి వెళ్దామంటే ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వీసా కావాలి. అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డ్ గానీ కనీసం 6 నెలల వ్యాలిడిటీతో ఉంటే డబ్బు కట్టి 14 రోజుల వీసా తీసుకోవచ్చు. కానీ మొదటి రాత్రి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం, రోడ్లన్నీ నీళ్లలో ఉన్నాయి, వెళ్లినవాళ్లు తిరిగి లోపలికి రావడానికే నానా అవస్థలు పడ్డారు. లోపలే గోడవారగా, ప్లగ్ పాయింట్ పక్కన చోటు చూసుకుని పెద్దవాళ్లని కూర్చోబెట్టండి, శాలువా ఒకటి తప్పక ఉంచుకోండి, ఏసీకి వణికిపోతారు.

తిండి కూపన్లు, హోటల్ ఇస్తారా అని నోరు తెరిచి అడగండి, అడగనిదే చాలాసార్లు చెప్పరు. యూరప్‌లో బయల్దేరే ఫ్లైట్ అయితే వాతావరణం వల్ల ఆగినా తిండీ హోటలూ ఇవ్వాల్సిందే, నష్టపరిహారం మాత్రం రాదు. అమెరికాలో వాతావరణం కారణమైతే హోటల్ ఇవ్వాలని రూలు లేదు, కానీ క్యాన్సిల్ అయిన ఫ్లైట్‌కి రీఫండ్ అడిగే హక్కుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే ప్రతి బిల్లూ దాచుకోండి, ఫ్లైట్ ఎందుకు ఎంతసేపు ఆగిందో ఎయిర్‌లైన్ నుంచి లెటర్ తీసుకోండి, అది లేకుండా క్లెయిమ్ చేయడం కష్టం.

కొత్త బోర్డింగ్ పాస్ చేతికి రాగానే బ్యాగ్ ట్యాగ్ చూపించి ఇవి కూడా ఇదే ఫ్లైట్‌కి మారాయా అని అడగండి. మావి మారలేదు, మేం దిగిన 4 రోజులకి వచ్చాయి. బ్యాగ్ రాకపోతే ఎయిర్‌పోర్ట్ దాటకముందే బెల్ట్ దగ్గరే కంప్లైంట్ రాయించి కాగితం తీసుకోండి, అమ్మ ఎంత అలిసిపోయి ఉన్నా ఓ అరగంట కుర్చీలో కూర్చోబెట్టి అయినా సరే ఆ పని అక్కడే పూర్తి చేసుకోండి.