నిన్నటిదాకా తెరుచుకున్న పేజీ ఇవాళ తెరుచుకోకపోతే: ఆఫీసు బ్రౌజర్ సమస్యలు - పరిష్కారాలు

శ్రీకాకుళం హెడ్డాఫీసుకీ, టెక్కలి, పలాస బ్రాంచీలకీ కలిపి ఒకే బ్రౌజర్ ఉండాలని ఎడ్జ్ ఖాయం చేశాం. క్రోమ్ మంచిది కాదని కాదు. పాత కెమెరా డీవీఆర్లు (రికార్డింగ్ పెట్టెలు), హాజరు మెషీన్ల పేజీలు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లేనిదే పనిచేయవు. దాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఆపేసింది. ఎడ్జ్‌లో పాత పేజీలను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పద్ధతిలో తెరిచే ఐఈ మోడ్ మాత్రం కనీసం 2029 దాకా ఉంటుంది.

ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటోంది

ముందు కింద మూలన తేదీ, టైమ్ చూడండి. దయచేసి చూడండి. ఇది చూడకుండానే బ్రౌజర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంటారు. తేదీ తప్పితే సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్ల గడువు లెక్క తప్పుతుంది. సరిచేశాక, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయినట్టే. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్ 2032. మార్చేయండి.

ఒక్క కంప్యూటర్లోనే కొత్త సైట్లు చెదిరిపోతున్నాయి

బ్రౌజర్ వెర్షన్ చూడండి. 109 దగ్గర ఆగిపోయి ఉంటే అది విండోస్ 7 లేదా 8.1 కంప్యూటర్ అయి ఉంటుంది. వాటి మీద క్రోమ్, ఎడ్జ్ రెండూ అక్కడే ఆగాయి. విండోస్ మార్చాల్సిందే.

పాత పేజీ అన్ని కంప్యూటర్లలో ఒకే పొద్దున ఆగిపోయింది

మమ్మల్ని బాగా ఏడిపించింది ఇదే. అన్నిచోట్లా ఒకేసారి పోయేసరికి అందరి అనుమానం నెట్ మీదకి పోతుంది. రౌటర్ ఆపి వేస్తారు, నెట్ కనెక్షన్ కుర్రాడికి ఫోన్ చేస్తారు, డీవీఆర్ పాడైందని కొత్తదానికి కొటేషన్ అడుగుతారు. డీవీఆర్ బాగానే ఉంటుంది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ కింద ఐఈ మోడ్ పేజీల పట్టిక తెరవండి. ప్రతి పేజీ పక్కనా 'ఎక్స్‌పైర్స్' అని ఒక తేదీ ఉంటుంది. చేత్తో చేర్చిన పేజీకి మామూలుగా 30 రోజులే గడువు. అన్ని కంప్యూటర్లనీ ఒకే రోజు సెట్ చేశారు కాబట్టి గడువూ ఒకే రోజు తీరిపోతుంది. పైగా ఆ పట్టిక ఆ ప్రొఫైల్‌కే పరిమితం. కొత్త గుమాస్తా తన లాగిన్‌తో తెరిస్తే అక్కడ ఏమీ ఉండదు.

మళ్లీ చేర్చడం పరిష్కారం కాదు, వచ్చే నెల మళ్లీ ఇదే. గ్రూప్ పాలసీలో (కంప్యూటర్లకి సెట్టింగులు ఖాయం చేసే విండోస్ ఏర్పాటు) ఐఈ మోడ్ ఆన్ చేసి, సైట్ల జాబితాను ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా షేర్డ్ ఫోల్డర్లో పెట్టి, పాలసీలో దాని దారి ఇవ్వండి. దానికి గడువు లేదు. ఫైల్ మార్చిన ప్రతిసారీ అందులోని వెర్షన్ నంబరు పెంచాలి. పెంచకపోతే ఎడ్జ్ పాత జాబితానే పట్టుకుని ఉంటుంది. కొత్త జాబితా అందిందో లేదో అడ్రస్ బార్లో edge://compat కొట్టి చూసుకోవచ్చు.

ప్రాక్సీ, యాంటీవైరస్, హోస్ట్స్ ఫైల్ వల్ల వచ్చే తంటాలు అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.