ఎక్స్‌పాండబుల్ లైనర్ హ్యాంగర్ల పేటెంట్ పరీక్ష, 4వ పాఠం: కేసింగ్ క్లెయిమ్ లోపలుందా, బయటుందా?

మూడో పాఠం చివర ఇచ్చిన క్లెయిమ్‌కు (పేటెంటు కోరే పరిధిని చెప్పే వాక్యం) మీరు వేసిన చార్టులు (క్లెయిమ్‌లోని ఒక్కో మాట పాత పేటెంటులో ఎక్కడుందో చూపే పట్టికలు) చూశాక, ఈసారి చెప్పాలనుకున్న ప్రొడక్ట్-బై-ప్రాసెస్ (వస్తువును తయారీ పద్ధతితో నిర్వచించే క్లెయిమ్) పాఠాన్ని వెనక్కి జరపక తప్పలేదు. అందరూ తడబడింది ఒక్కచోటే. అది దాటకుండా ముందుకెళ్తే మిగతా పాఠాలన్నీ వృథా.

క్లెయిమ్ మరోసారి (కేసింగ్ అంటే చమురు బావి గోడకు దన్నుగా దింపిన ఉక్కు పైపు, లైనర్ అంటే దాని లోపలినుంచి కిందికి వేలాడే చిన్న పైపు):

"1. బావిలోని కేసింగ్‌లో లైనర్‌ను వేలాడదీయడానికి ఎక్స్‌పాండబుల్ లైనర్ హ్యాంగర్. అందులో: శాశ్వతంగా సాగదీయగల గొట్టపు బాడీ, బాడీ బయటి ముఖానికి బాండ్ చేసిన, ఎడం ఎడంగా ఉన్న కనీసం మూడు ఎలాస్టోమర్ బ్యాండ్లు, పక్కపక్క బ్యాండ్ల మధ్య బయటికి పొడుచుకొచ్చిన లోహపు రిడ్జ్, బాడీని సాగదీసినప్పుడు బ్యాండ్లు కేసింగ్ లోపలి గోడను అదిమి సీల్ చేస్తాయి, ప్రతి బ్యాండ్ మందం, బాడీకీ కేసింగ్‌కూ మధ్యనున్న ఖాళీలో 50 నుంచి 60 శాతం."

"4. క్లెయిమ్ 1లోని హ్యాంగరే. సాగదీశాక బ్యాండ్లు కనీసం 30 శాతం నొక్కుకుపోతాయి."

హ్యాంగర్ పనితీరు మొదటి పాఠంలోనే అయిపోయింది: పాత రకంలో స్లిప్పులు (గోడను కరిచే పళ్ల ముక్కలు), కోన్లు, ఇందులో రన్నింగ్ టూల్ హైడ్రాలిక్ బలంతో కోన్‌ను బాడీలోంచి తోస్తుంది, బాడీ సాగి రబ్బరును (ఎలాస్టోమర్ బ్యాండ్లను) కేసింగ్‌కు అదుముతుంది. మళ్లీ చెప్పను.

చార్టుల్లో ఎక్కువ భాగం "కేసింగ్"కు ఒక వరుస కేటాయించి, ఎదురుగా పాత పేటెంటు బొమ్మలోని కేసింగ్ నంబరు వేసేశాయి. కొందరు దీనికి పూర్తి వ్యతిరేకం: కేసింగ్ మాట ఎక్కడొచ్చినా "అది వాడకం మాత్రమే" అని కొట్టేసి, 50–60 శాతాన్ని కూడా దాంతోపాటే గంగలో కలిపారు. రెండూ తప్పే. రెండోది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే ఆఫీస్ యాక్షన్‌లో (పేటెంట్ ఆఫీసు పంపే అభ్యంతరాల లేఖ) అంకెను విస్మరించిన ఎగ్జామినర్‌ను అటార్నీ (దరఖాస్తుదారు లాయరు) ఒక్క పేరాతో పడగొడతాడు.

ముందు చేయాల్సింది చిన్న పని. ఇంగ్లీషు క్లెయిమ్‌లో "కంప్రైజింగ్" (పైన "అందులో") తర్వాత కొత్తగా ప్రవేశపెట్టిన భాగాలకు మాత్రమే గీత పెట్టండి: బాడీ, బ్యాండ్లు, రిడ్జ్. కేసింగ్ ఆ జాబితాలో లేదు. అది ప్రియాంబుల్‌లో (క్లెయిమ్ ముందుమాటలో) "కేసింగ్‌లో వేలాడదీయడానికి" అంటూ వాడకంగా వచ్చింది, తర్వాత "వేర్‌ఇన్" భాగంలో (సీల్, మందం గురించిన చివరి మాటల్లో) మళ్లీ తొంగిచూసింది. అంటే అడుగుతున్నది హ్యాంగర్ ఒక్కదాన్నే. గోదాములో స్టాండు మీద పడుకోబెట్టిన, ఇంకా బావి ముఖం చూడని హ్యాంగర్ కూడా ఈ క్లెయిమ్ కిందికి రావాలి. చార్టు నింపే ముందు ఆ గోదాము ప్రశ్న వేసుకోండి: స్టాండు మీదున్న వస్తువును చూసి ఈ మాట నిజమో కాదో తేల్చగలమా?

"సాగదీసినప్పుడు అదిమి సీల్ చేస్తాయి" అన్న మాటకు జవాబు: తేల్చగలం. ఇది పని గురించిన మాట. యంత్రం క్లెయిమ్ ఆ వస్తువు ఏమిటో చెప్పాలి, ఏం చేస్తుందో కాదు. అమెరికా కోర్టు 1990లో ఇచ్చిన హ్యూలెట్-పాకర్డ్ వర్సెస్ బాష్ అండ్ లాంబ్ తీర్పు సారం ఇదే. పాత హ్యాంగర్ నిర్మాణం అదే అయి, ఏ మార్పూ లేకుండా ఆ పని చేయగలిగితే చాలు. 1997 నాటి ష్రైబర్ కేసు దీనికి మంచి ఉదాహరణ. పాప్‌కార్న్ పోసే శంకువు మూతకు పేటెంటు అడిగారు. ఎదురుగా నిలబెట్టింది నూనె డబ్బా మూతిని చూపే ఓ స్విస్ పేటెంటు. ఆకారం కలిసింది, పాప్‌కార్న్ దాని గుండా పోతుంది, అంతే. నూనె డబ్బా చేసినవాడి మనసులో పాప్‌కార్న్ లేకపోవడం లెక్కలోకి రాదు.

కానీ "చేయగలదు" అన్న ముక్క పట్టుకుని పరుగెత్తకండి. క్లెయిమ్‌లో "అడాప్టెడ్ టు" ఉంటే, స్పెసిఫికేషన్ (దరఖాస్తులోని వివరణ) చదివితే దాని అర్థం "ఆ పనికోసమే చేసిన" అని తేలవచ్చు. 2014 నాటి జియానెల్లి కేసులో జరిగింది అదే. క్లెయిమ్ పిడులను లాగే రోయింగ్ యంత్రానిది; చేతులతో ముందుకు నెట్టే పాత చెస్ట్ ప్రెస్ యంత్రం పిడులను వెనక్కి కూడా లాగొచ్చు కదా అని బోర్డు (పేటెంట్ ఆఫీసు అప్పీళ్ల మండలి) అంది. కోర్టు ఒప్పుకోలేదు. హ్యాంగర్లలోనూ ఇంతే: పాత పేటెంటులోని బ్యాండ్లు సెంట్రలైజర్‌లా బాడీని మధ్యలో ఉంచడానికి పెట్టినవైతే, అవి సీల్ చేయడానికి తయారైనవని ఊరికే రాయలేరు. మన క్లెయిమ్‌లో ఆ పదం లేదు కాబట్టి ష్రైబర్ దారి తెరిచే ఉంది.

ఇక అసలు ఉచ్చు: 50 నుంచి 60 శాతం. ఇది పని కాదు, కొలత. కొలత కాబట్టి కొట్టేయలేం. అయితే ఆ కొలత సగం హ్యాంగర్‌లో, సగం క్లెయిమ్‌లో లేని కేసింగ్‌లో ఉంది.

"కేసింగ్ సైజు అందరికీ తెలిసిందే, 9⅝ అంగుళాలు" అని ఒకరు రాశారు. పప్పులో కాలేసింది అక్కడే. 9⅝ అన్నది బయటి వ్యాసం. గోడ మందం పెరిగేకొద్దీ లోపలి వ్యాసం తగ్గుతుంది. అడుగుకు 40 పౌండ్ల కేసింగ్‌కు లోపలి వ్యాసం 8.835 అంగుళాలు, 43.5 పౌండ్లకు 8.755, 47 పౌండ్లకు 8.681, 53.5 పౌండ్లకు 8.535. నాలుగూ 9⅝ కేసింగులే.

ఇప్పుడు ఒకే హ్యాంగర్ తీసుకోండి. బాడీ బయటి వ్యాసం 7.90, బ్యాండ్ మందం 0.20, అంటే దింపేటప్పుడు మొత్తం వ్యాసం 8.30. కేసింగ్ మధ్యలో నిలబడిందనుకుంటే 47 పౌండ్లలో ఒక్కో పక్క ఖాళీ 0.3905, బ్యాండ్ అందులో 51 శాతం: క్లెయిమ్ లోపల. అదే హ్యాంగర్‌ను 43.5 పౌండ్లలో దింపితే 47 శాతం: బయట. 40 పౌండ్లలో 43 శాతం: బయటే. 53.5 పౌండ్లలో 63 శాతం: అటువైపు నుంచి బయట. వస్తువులో అణువంత మార్పు లేదు, అది క్లెయిమ్ పరిధిలోకి వస్తుందా రాదా అన్నది దాన్ని కొన్న ఆపరేటర్ బావిలో ఏ పైపుందో దాన్ని బట్టి మారుతోంది.

ఇది చాలదన్నట్టు, ఏపీఐ 5సీటీ (కేసింగ్ పైపుల ప్రమాణం) ప్రకారం కేసింగ్ గోడ నామమాత్రపు మందం కంటే 12.5 శాతం వరకు పలచగా ఉండొచ్చు. 47 పౌండ్ల కేసింగ్ గోడ 0.472, పలచటి జాయింటులో (స్ట్రింగులోని ఒక్కో పైపు ముక్క) 0.413. లోపలి వ్యాసం 8.799 దాకా పోతుంది, మన శాతం 44కు పడిపోతుంది. ఒకే కేసింగ్ స్ట్రింగులో ఒక జాయింటు దగ్గర క్లెయిమ్ లోపల, పై జాయింటు దగ్గర బయట! ఇంకా వాలు బావిలో లైనర్ కింది గోడకు ఆనుకుంటుంది. ఒక పక్క ఖాళీ ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. క్లెయిమ్ ఏ పక్క కొలవమంటోంది? ఎప్పుడు కొలవమంటోంది? సాగదీశాక కొలిస్తే రబ్బరు ఖాళీ మొత్తాన్ని నింపేస్తుంది, శాతం 100. అంటే "సాగదీయకముందు" అన్న మాట రచయిత మనసులో ఉంది, కాగితం మీద లేదు.

ఇలాంటి క్లెయిమ్‌ను ఏ గంపలో వేయాలి? రెండు కేసులు పక్కపక్కన పెట్టుకోండి. 1989 నాటి బ్రమ్మర్‌లో సైకిల్ రెండు చక్రాల మధ్య దూరం, ఆ సైకిల్ ఎవరికోసం చేశారో ఆ మనిషి ఎత్తులో 58 నుంచి 75 శాతం అన్నారు. అస్పష్టమని బోర్డు తేల్చింది. ఆ శాతం, మనిషికి తగ్గ సైకిల్ సైజు తేల్చే తెలిసిన ప్రమాణం దేనిమీదా ఆధారపడలేదు. 1986 నాటి ఆర్థోకైనటిక్స్‌లో చక్రాల కుర్చీ కాళ్లు కారు తలుపు చట్రానికీ సీటుకూ మధ్య దూరేంత కొలతలో ఉండాలన్నారు. అది చెల్లింది, ఎందుకంటే కార్లు రకరకాలైనా ఆ రంగంలో పనిచేసేవాడు కారును కొలిచి కుర్చీ చేసుకోగలడు, విషయం అంతకంటే కచ్చితంగా చెప్పడానికి కుదరదు. మన క్లెయిమ్ బ్రమ్మర్ వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం: ఇక్కడ కచ్చితంగా చెప్పే దారి ఉంది, కేసింగ్ బరువు రాస్తే సరిపోతుంది. అటార్నీ ఆర్థోకైనటిక్స్ ఎత్తుతాడు. ఎత్తనివ్వండి, పైన వేసిన నాలుగు లెక్కలు యాక్షన్‌లో ఉంటే వాదన ఆయన మీదికే పోతుంది.

రిజెక్షన్ ఇలా రాయాలి (112(బి) అంటే క్లెయిమ్ స్పష్టంగా ఉండాలనే అమెరికా పేటెంట్ చట్టం సెక్షన్). పొడవుగా వద్దు:

"క్లెయిమ్ 1, 112(బి) కింద తిరస్కృతం. బ్యాండ్ మందం, క్లెయిమ్‌లో భాగం కాని కేసింగ్‌తో ఏర్పడే ఖాళీ ఆధారంగా నిర్వచించబడింది. నామమాత్రపు సైజు ఒకటే అయినా కేసింగ్ లోపలి వ్యాసం బరువును బట్టి మారుతుంది. కొలత ఏ స్థితిలో తీసుకోవాలో కూడా చెప్పలేదు. అందువల్ల పరిధి నిర్ధారించలేం. పరీక్ష నిమిత్తం, సాగదీయకముందు, హ్యాంగర్ కేసింగ్ మధ్యలో ఉన్నప్పుడు, ఏదో ఒక ప్రామాణిక కేసింగ్‌లో 50–60 శాతం వచ్చే మందంగా అర్థం చేసుకున్నాం."

చివరి వాక్యం వదిలేయకండి. అర్థం ఊహకు అందేంత ఉంటే 112(బి)తో పాటు 102 (కొత్తదనం లేదు), 103 (పాతవాటి నుంచి సహజంగా తట్టేదే) కూడా అదే యాక్షన్‌లో వేయాలి. ఊహాగానం మరీ ఎక్కువైతే మాత్రం ప్రయర్ ఆర్ట్ (పాత పేటెంట్లు, ప్రచురణలు) జోలికి వెళ్లకూడదు.

సెర్చ్ గురించి రెండే మాటలు. సీపీసీలో (పేటెంట్ల వర్గీకరణ పట్టిక) ఇ21బి 43/103 (ఎక్స్‌పాండబుల్ కేసింగులు, లైనర్లు), 43/105 (సాగదీసే పరికరాలు), తర్వాత సీల్ నిర్మాణానికి 33/1208. మాటలతో వెతకడం ఆఖర్న. "రిడ్జ్"ను ఒకరు స్పైక్ అంటారు, ఒకరు టీత్, ఇంకొకరు ప్రొట్రూషన్. హైదరాబాద్‌లో అమెరికా క్లయింట్లకు సెర్చ్ చేసేవాళ్లు కీవర్డుల మీద సగం రోజు తగలేయడం అలవాటు చేసుకున్నారు, మానేయండి.

103 కోసం సాధారణంగా దొరికేది: ఒక పేటెంటులో నున్నటి బాడీ మీద ఐదారు బ్యాండ్లు, ఇంకోదాంట్లో బ్యాండ్ల మధ్య లోహపు పళ్లు. "కలపడం సహజమే" అని ఆగిపోకండి. ఎందుకు కలుపుతాడో యంత్రం వైపు నుంచి చెప్పాలి: వేడికి మెత్తబడిన రబ్బరు పీడనానికి పక్కకు పాకిపోకుండా రిడ్జ్ ఆపుతుంది, దింపేటప్పుడు బ్యాండ్ అంచు గోడకు రాసుకుని లేచిపోకుండా కాస్తుంది. వీటిలో ఒకటి రెండో పేటెంటులోనే రాసి ఉంటే దాని పేరా నంబరు వేయండి, పని అయిపోయినట్టే.

బొమ్మ మీద స్కేలు పెట్టి 50 శాతం తేల్చినవాళ్లకు: బొమ్మ కొలతకు గీసిందని పాత పేటెంటు చెప్పకపోతే ఆ అంకె చెల్లదు.

క్లెయిమ్ 4 దగ్గర ఇంకో పొరపాటు. పాత పేటెంటు మన హ్యాంగర్ కొలతలే ఇచ్చి, సాగాక బాడీ బయటి వ్యాసం 8.41 అని చెప్పిందనుకోండి. 47 పౌండ్లలో మిగిలే ఖాళీ 0.1355. 0.20 రబ్బరు 0.1355కు నలిగింది, అంటే 32 శాతం, క్లెయిమ్ 4 దానంతటదే తీరిపోయిందని రాసినవాళ్లున్నారు. రబ్బరు బాడీకి బాండ్ అయి ఉంది. బాడీ చుట్టుకొలత పెరిగితే రబ్బరూ చుట్టూ సాగుతుంది. పొడవు మారదనుకుంటే, ఘనపరిమాణం మారదు కాబట్టి మందమే తగ్గాలి. 8.30 వర్గంలోంచి 7.90 వర్గం తీసేస్తే 6.48, దాన్ని 8.41 వర్గానికి కలిపి వర్గమూలం తీస్తే 8.787. గోడ తగలకముందే మందం 0.188. అక్కడినుంచి 0.1355కు నలిగితే 28 శాతం. 30 రాలేదు. "దానంతటదే" అనాలంటే తప్పనిసరిగా జరగాలి, బహుశా జరగొచ్చు అంటే కుదరదు. ఇదే హ్యాంగర్‌ను 40 పౌండ్లలో పెడితే రబ్బరు గోడకే తగలదు: 8.787 ఎక్కడ, 8.835 ఎక్కడ. 53.5 పౌండ్లలో నొక్కుడు 65 శాతం దాటుతుంది. అంతకు ముందే కోన్ మొండికేస్తుంది.

జవాబుగా అటార్నీ ఏం చేస్తాడు? కేసింగ్‌ను కూడా చేర్చి "సిస్టమ్" అని మార్చడం తేలిక దారి. అయినా చాలామంది ఒప్పుకోరు. అలా మారిస్తే హ్యాంగర్ కేసింగ్‌లోకి దిగేదాకా ఆ క్లెయిమ్‌ను ఎవరూ నేరుగా ఉల్లంఘించినట్టు కాదు. పోటీ తయారీదారు ఫ్యాక్టరీలో హాయిగా కూర్చుంటాడు. అందుకే మందాన్ని బాడీ వ్యాసంతో పోల్చి రాయాలని చూస్తారు. అప్పుడు మీరు వెళ్లాల్సింది స్పెసిఫికేషన్‌కు: ఆ నిష్పత్తి దాఖలు చేసిన రోజు కాగితాల్లో ఉందా? లేకపోతే 112(ఎ) (స్పెసిఫికేషన్‌లో లేనిది క్లెయిమ్ చేయకూడదు).

చెన్నై పేటెంట్ ఆఫీసులో దాఖలయ్యే వాటికీ ఇదే అభ్యంతరం భారత పేటెంట్ల చట్టం సెక్షన్ 10(5) కింద, స్పష్టత లేదని ఎఫ్ఈఆర్‌లో (మొదటి పరీక్ష నివేదిక) వస్తుంది. జవాబుకు గడువు ఆరు నెలలు, అడిగితే మరో మూడు.

అభ్యాసం. కేసింగ్ 7 అంగుళాలది; లోపలి వ్యాసాలు 26 పౌండ్లకు 6.276, 29కి 6.184, 32కి 6.094. హ్యాంగర్ బాడీ 5.60, బ్యాండ్ 0.15, సాగాక బాడీ 6.00. మూడింటికీ క్లెయిమ్ 1 శాతం, క్లెయిమ్ 4 నొక్కుడు లెక్కకట్టండి. 26 పౌండ్లకు నొక్కుడు 2 శాతం లోపే రావాలి. 8 వస్తే బాండ్ సంగతి మరిచారన్నమాట. తర్వాత క్లెయిమ్ 1ను మూడు రకాలుగా తిరగరాయండి: కేసింగ్‌ను చేర్చి, కేసింగ్ బరువు పేర్కొని, కేసింగ్ ఊసే లేకుండా. ఒక్కోదాని కింద గోదాములోని హ్యాంగర్ ఆ క్లెయిమ్‌లోకి వస్తుందో రాదో ఒక్క వాక్యంలో రాయండి. చివరగా మూడోదానికి మీరే 103 రిజెక్షన్ రాసి, దానికి మీరే అటార్నీ జవాబు రాయండి, ఒక్కొక్కటి అర పేజీ దాటకుండా. ఎగ్జామినర్‌గా రాసిన దాంట్లో "సహజమే" అన్న మాట కారణం లేకుండా కనిపిస్తే ఆ పేజీ చించేసి మళ్లీ మొదలుపెట్టండి.