ఇంజను నడవని స్పోర్ట్స్ కారును సురక్షితంగా తరలించడం: సమస్యలు, పరిష్కారాలు

ఇంజను ఆగిపోయిన స్పోర్ట్స్ కారుకు దెబ్బ తగిలేది ఎక్కువగా రహదారి మీద కాదని, బండి మీదికి ఎక్కించే మొదటి పది అడుగుల్లోనో, దించే చివరి పది అడుగుల్లోనో అని నా అనుభవం. కారు కదలడం లేదని తెలియగానే చేతికి అందిన చోట కొక్కెం తగిలించి వించ్ (తీగను చుట్టుకుంటూ లాగే యంత్రం) తిప్పడం మొదలుపెడతారు. ఎందుకు కదలడం లేదో అర్థమయ్యే లోపే అడుగున ఉన్న పలకలు ఊడిపోతాయి, బంపరు అంచు పగులుతుంది, ఒక్కోసారి సస్పెన్షన్ కడ్డీ కూడా వంగిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో లాగే పద్ధతుల కంటే ముందు కదలకపోవడానికి గల కారణాలను చెప్పుకుందాం.

తరలించే వాహనం విషయంలో నా అభిప్రాయం స్పష్టం. నాలుగు చక్రాలూ పైన ఉండేలా మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండి లేదా కారు ట్రెయిలరు దొరికే అవకాశం ఉన్నప్పుడు, రెండు చక్రాలను ఎత్తి రెండింటిని నేల మీద దొర్లించే పద్ధతిని ఎంచుకోకూడదు. ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. కారు దగ్గర పెట్రోలు వాసన వస్తుంటే, కారు కింద తడి కనిపిస్తుంటే, బ్యాటరీ తీగలను ముట్టుకోకుండా ముందు ఆ కారుతున్న చోటును వెతికి ఆపించాలి.

సమస్య 1: తలుపు గానీ, ముందు మూత గానీ తెరుచుకోవడం లేదు.

12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా ఖాళీ కావడమే దీనికి సాధారణ కారణం. ఇంజను వెనుక ఉన్న చాలా కార్లలో బ్యాటరీ ముందు మూత కింద ఉంటుంది, ఆ మూత గొళ్లెం విద్యుత్తుతో పనిచేస్తుంది; అంటే మూత తెరవడానికి బ్యాటరీ కావాలి, బ్యాటరీని అందుకోవడానికి మూత తెరుచుకోవాలి. తయారీదారులు ఈ చిక్కుకు ఒక దారి ఉంచుతారు. రిమోట్‌లో దాచిన లోహపు తాళంచెవితో తలుపు తెరిచిన తర్వాత, యజమాని పుస్తకంలో అత్యవసర టెర్మినల్ ఎక్కడ ఉందో చూడాలి. కొన్ని తరాల పోర్షే 911, బాక్‌స్టర్ కార్లలో డ్రైవరు కాళ్ల దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటికి లాగే ప్లస్ టెర్మినల్ ఉంటుంది. దానికి బయటి బ్యాటరీ ప్లస్ తీగను, తలుపు గొళ్లెం పట్టే లోహపు కొక్కేనికి మైనస్ తీగను కలిపితే మూత గొళ్లెం విడుదలవుతుంది. అది గొళ్లెం తెరవడానికి మాత్రమే పనికివచ్చే సన్నని దారి కాబట్టి, అక్కడి నుంచి ఇంజను స్టార్ట్ చేయాలని ప్రయత్నిస్తే తీగ కాలిపోవచ్చు.

చుట్టూ చట్రం లేని తలుపు అద్దాల విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. ఇలాంటి చాలా కార్లలో తలుపు తెరిచినప్పుడు అద్దం కొద్దిగా కిందికి దిగి, మూసిన తర్వాత పైకి లేచి రబ్బరు అంచులో కూర్చుంటుంది. బ్యాటరీ లేనప్పుడు అద్దం దిగదు. అలాంటి తలుపును బలంగా మూస్తే అద్దం పైకప్పు అంచుకు కొట్టుకుంటుంది. కాబట్టి విద్యుత్తు అందించేవరకు తలుపును పూర్తిగా వేయకుండా, మందపాటి గుడ్డ అడ్డం పెట్టి ఉంచాలి.

సమస్య 2: విద్యుత్తు అందినా చక్రాలు తిరగడం లేదు.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కాబట్టి తొందరపడకుండా, ఏ చక్రం తిరగడం లేదో ముందు కనుక్కోవాలి. తయారీదారు సూచించిన చోటే జాకీ పెట్టి, మిగిలిన చక్రాలకు అడ్డుచెక్కలు వేసి, ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పి చూడాలి. లోటస్ ఎలీజ్ లాంటి కార్లలో చట్రం అల్యూమినియం భాగాలను జిగురుతో అతికించి చేసినది. అక్కడ జాకీని ఒక అడుగు అటూ ఇటూ పెట్టినా జరిగే నష్టం అసలు ఇంజను మరమ్మతు ఖర్చును మించిపోవచ్చు.

వెనుక చక్రాలు రెండూ బిగుసుకుని ఉంటే అనుమానించాల్సినవి రెండు. మొదటిది పార్కింగ్ బ్రేకు. అది విద్యుత్ మోటారుతో పనిచేసే రకమైతే, సరైన వోల్టేజీ ఉన్న బయటి బ్యాటరీని కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్రేకు పెడల్ నొక్కి విడుదల చేయాలి. విడుదల అవుతున్నప్పుడు వెనుక నుంచి మోటారు తిరిగే శబ్దం వినిపిస్తుంది. మీట కదిలినా ఆ శబ్దం రాకపోతే బ్రేకు వదలలేదని అర్థం. రెండవది గేరు పెట్టె. ఆటోమేటిక్, డ్యుయల్ క్లచ్ కార్లు పార్కు స్థానంలో ఉన్నప్పుడు లోపల ఒక ఇనుప పల్లు గేరు చక్రాన్ని పట్టి ఉంచుతుంది. చాలా కార్లలో గేరు మీట పక్కన చిన్న మూత కింద ఒక విడుదల మీట గానీ, పుస్తకంలో రాసిన అత్యవసర న్యూట్రల్ పద్ధతి గానీ ఉంటుంది. అది అందుబాటులో లేకపోతే బలవంతం చేయకుండా చక్రాల కింద చిన్న చక్రాల బల్లలు పెట్టాలి.

ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన మాన్యువల్ గేరు కారులో ఇంకొక విషయం కనిపిస్తుంది. క్లచ్ పలక ఫ్లైవీలుకు (ఇంజనుతో కలిసి తిరిగే బరువైన చక్రానికి) తుప్పుతో అతుక్కుంటుంది. అప్పుడు క్లచ్ నొక్కినా గేరులో ఉన్న కారు కదలదు, న్యూట్రల్‌లోకి మార్చగానే దొర్లుతుంది. ఈ తేడా గమనిస్తే క్లచ్ పరిస్థితి అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఒకే చక్రం బిగుసుకుని ఉంటే అది గేరు పెట్టె తప్పు కాదు. బ్రేకు ప్యాడ్లు డిస్కుకు తుప్పుతో అతుక్కోవడమో, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిస్టన్ ఇరుక్కోవడమో, పార్కింగ్ బ్రేకు చెప్పులు (బ్రేకు షూలు) డ్రమ్ముకు అంటుకోవడమో కారణం అవుతుంది. నా కళ్ల ముందే ఒకసారి వెనుక చక్రం తిరగని కారును గేరు పెట్టె పాడైందని తీర్మానించి వించ్‌తో లాగారు. టైరు ఒకే చోట అరిగి బట్ట బయటపడింది. ఆ తర్వాత చక్రం ఊడదీసి డ్రమ్ము చుట్టూ రబ్బరు సుత్తితో నిదానంగా తట్టగా అరగంటలో విడిపోయింది. సుత్తితో తట్టడం, కారును ముందుకీ వెనక్కీ చేత్తో కొద్దికొద్దిగా ఊపడం, తుప్పు వదిలించే ద్రవాన్ని చెప్పుల మీద కాకుండా కీలు భాగాలకు మాత్రమే తగిలించడం సాధారణంగా సరిపోతాయి. కార్బన్ సెరామిక్ డిస్కులున్న కారులో మాత్రం సుత్తి వాడకూడదు, ఆ పదార్థం అంచుల్లో పెచ్చులూడుతుంది.

సమస్య 3: స్టీరింగ్ తాళం వదలడం లేదు.

చక్రం ఏదో ఒక వైపు ఒత్తిడిలో ఉంటే తాళం పల్లు ఇరుక్కుంటుంది. స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ తాళంచెవి తిప్పాలి. ఎలక్ట్రానిక్ తాళమైతే ముందు బ్యాటరీ సమస్య తీర్చాలి.

సమస్య 4: ముందు అంచు ర్యాంపుకు తగులుతోంది.

కారణాన్ని ఒక చిన్న లెక్క చెబుతుంది. బంపరు అంచు నేలకు 100 మి.మీ. ఎత్తులో, ముందు టైరు నేలను తాకే చోటుకు ఒక మీటరు ముందుగా ఉందనుకుందాం. అప్పుడు ర్యాంపు వాలు దాదాపు 6 డిగ్రీలు దాటితే అంచు తగులుతుంది. 900 మి.మీ. ఎత్తున్న బండి బల్లకు (కారు నిలబడే పై భాగానికి) ఆ వాలుతో ర్యాంపు కట్టాలంటే దాని పొడవు 9 మీటర్లు కావాలి. అంత పొడవైన ర్యాంపును ఎవరూ మోసుకురారు, కాబట్టి వాలును ముక్కలుగా విడదీయాలి.

ర్యాంపు మొదలయ్యే చోట టైర్ల వెడల్పుకు సరిపోయే దళసరి చెక్క పలకలను రెండు మెట్లుగా పేర్చి, వాటి చివర ర్యాంపు మీద ఆనేలా అమర్చాలి. టైరు 75 మి.మీ. పైకి లేస్తే అదే కారు దాదాపు 10 డిగ్రీల వాలును భరిస్తుంది. పలకలు వెనక్కి జారకుండా కట్టి ఉంచాలి. ట్రెయిలరుతో వెళ్తుంటే, లాగే వాహనం వెనుక చక్రాలను చెక్కల మీదికి ఎక్కించి కొక్కెం భాగాన్ని పైకి లేపితే ట్రెయిలరు తోక కిందికి దిగుతుంది, ర్యాంపు వాలు తగ్గుతుంది. ముందు భాగాన్ని పైకెత్తే వ్యవస్థ ఉన్న కారులో, బ్యాటరీకి ప్రాణం ఉండగానే ఆ మీట పనిచేస్తుందేమో చూడాలి; అయితే ఆ ఎత్తు దారి పొడవునా నిలుస్తుందని నమ్మి బెల్టులు బిగించకూడదు.

ముందు అంచు దాటింది కదా అని నిశ్చింత పడకూడదు. ర్యాంపు ముగిసి బల్ల మొదలయ్యే మలుపు దగ్గర కారు నడుము తగులుతుంది, ఆ తర్వాత వెనుక సైలెన్సరు, డిఫ్యూజరు (వెనుక బంపరు కింద గాలిని మళ్లించే పలక) నేలకు తగులుతాయి. ఒకరు వించ్ దగ్గర, ఒకరు నేల మీద వంగి కారు అడుగును చూస్తూ ఉండాలి. చూసేవారు చేయి ఎత్తగానే వించ్ ఆగాలి. టైర్లలో గాలి తక్కువగా ఉంటే ముందే నింపాలి, పోయిన గాలి విలువైన ఎత్తును తీసుకుపోతుంది.

సమస్య 5: కొక్కెం తగిలించే చోటు కనబడటం లేదు, లేదా మర ఎక్కడం లేదు.

ఆధునిక స్పోర్ట్స్ కార్లలో లాగే ఉంగరం విడిగా పనిముట్ల సంచిలో ఉంటుంది. బంపరు మీది చిన్న మూత తీసి దాన్ని బిగించాలి. కొన్ని కార్లలో ఇది ఎడమ మర, అంటే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిప్పితేనే ఎక్కుతుంది. తెలియక కుడివైపు తిప్పుతూ బలం పెడితే మర పాడవుతుంది. చివరి వరకు బిగించని ఉంగరం బరువు పడగానే వంగిపోతుంది. ఉంగరాన్ని కారు నిలిచిన దిశలోనే తిన్నగా లాగాలి, పక్కలకు లాగకూడదు. కారును బల్ల మీద కట్టి ఉంచడానికి దాన్ని వాడకూడదు.

ఉంగరం లేకపోతే వెనుక నుంచి లాగడమో, రెండు వైపులా సమానమైన దృఢమైన చోట్ల నుంచి వీ ఆకారపు పట్టీతో లాగడమో చేయాలి. సస్పెన్షన్ చేతులు, యాక్సిల్ షాఫ్టులు, స్టెబిలైజర్ కడ్డీ, బ్రేకు గొట్టాలు, కార్బన్ పలకలు లాగడానికి పనికిరావు. మాజ్డా ఎంఎక్స్-5 అడుగున గేరు పెట్టె నుంచి డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే భాగం) వరకు సాగే పొడవైన లోహపు చట్రం చూడటానికి ఎంతో దృఢంగా కనిపిస్తుంది. దానికి కొక్కెం వేస్తే ఆ రెండింటి అమరిక చెడిపోతుంది. లాగుతున్నంతసేపూ తీగ వరుసలో ఎవరూ నిలబడకూడదు. తెగిన తీగ మనిషిని చంపగలదు.

సమస్య 6: దారిలో ట్రెయిలరు తోక ఊగుతోంది.

ఇంజను వెనుక లేదా నడుమ ఉన్న కారును మామూలుగా ముందు వైపు నుంచి ఎక్కించినప్పుడు, బరువైన భాగం ట్రెయిలరు ఇరుసుకు వెనుక పడుతుంది. ట్రెయిలరును లాగే వాహనానికి కలిపే కొక్కెం మీద బరువు తగ్గి తోక ఊగడం మొదలవుతుంది. ట్రెయిలరు, కారు కలిసిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలని ఉత్తర అమెరికా పద్ధతి చెబుతుంది. యూరపులో దీనికంటే తక్కువ శాతానికి ట్రెయిలర్లను రూపొందిస్తారు, కాబట్టి మీ ట్రెయిలరు, కొక్కేల మీద రాసిన పరిమితే ప్రమాణం. 1,400 కిలోల కారును, ఇరుసు నుంచి కొక్కెం వరకు 4 మీటర్లున్న ట్రెయిలరు మీద కేవలం 10 సెం.మీ. ముందుకు జరిపితే కొక్కెం మీద 35 కిలోలు పెరుగుతాయి. ఇంత చిన్న కదలికతో ఇంత తేడా వస్తుంది కాబట్టి బెల్టులు కట్టకముందే కొలిచి చూడటం మేలు. పోర్షే 911 లాంటి కారును వెనుకవైపు నుంచి ఎక్కిస్తే చాలాసార్లు ఈ సమస్యే రాదు. అప్పుడు ఎదురుగాలి వెనుక నుంచి తాకుతుంది కాబట్టి మూతల గొళ్లేలు, గుడ్డ పైకప్పు బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి.

ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని వేగం తానే తగ్గేలా చేయాలి. గట్టిగా బ్రేకు వేయడం, స్టీరింగ్‌తో సరిదిద్దబోవడం ఊపును పెంచుతాయి. ఆగిన తర్వాత కారును ముందుకు జరపనిదే మళ్లీ బయలుదేరకూడదు.

సమస్య 7: బిగించిన బెల్టులు కొంత దూరానికే సడలిపోతున్నాయి.

చట్రానికి బెల్టు కట్టినప్పుడు సస్పెన్షన్ గుంతల్లో కుంగి లేస్తూ బెల్టును వదులు చేస్తుంది. టైర్ల మీదుగా వేసే వల లాంటి బెల్టులతో నాలుగు చక్రాలనూ బల్లకు కట్టేస్తే పైన కారు శరీరం స్వేచ్ఛగా ఊగినా కట్టు సడలదు, అడుగు భాగాలకూ ఏమీ కాదు. బెల్టు మీద రాసిన పని బరువు సాధారణంగా తెగే బలంలో మూడో వంతు. ఎంపిక పని బరువును బట్టి జరగాలి. 15, 20 కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్లీ బిగించాలి. తెరిచి ఉన్న ట్రెయిలరు మీద కారుకు గుడ్డ కవరు వేయకూడదు, గాలికి కొట్టుకుంటూ అది రంగును గీకేస్తుంది.

సమస్య 8: ఫ్లాట్‌బెడ్ దొరకలేదు, చక్రాల మీదే లాగాల్సి వస్తోంది.

ముందు యజమాని పుస్తకం చదవాలి, కొన్ని కార్లకు ఇది పూర్తిగా నిషిద్ధం. ఆటోమేటిక్ గేరు పెట్టెలో చాలావాటికి నూనె పంపును ఇంజనే తిప్పుతుంది. ఇంజను ఆగి ఉండగా చక్రాలు తిరిగితే లోపలి భాగాలు నూనె లేకుండా రాసుకుంటాయి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే నిస్సాన్ జీటీ-ఆర్ లాంటి కార్లలో రెండు చక్రాలను ఎత్తి రెండింటిని దొర్లిస్తే ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే కప్లింగు వేడెక్కి పాడవుతుంది. విద్యుత్ మోటారున్న కార్లలో చక్రాలు తిరిగితే మోటారు విద్యుత్తును పుట్టిస్తుంది, అందువల్ల వాటిని దొర్లించకూడదు. మాన్యువల్ గేరు, వెనుక చక్రాల డ్రైవు ఉన్న కారును పుస్తకం అనుమతించిన వేగంలో, కొద్ది దూరం లాగవచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేసి స్టీరింగ్ తాళం వదిలేలా చూడాలి, హజార్డ్ లైట్లు వెలిగించాలి. ఇంజను నడవదు కాబట్టి ఒకటి రెండు నొక్కుల తర్వాత బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుందని లోపల కూర్చున్న వ్యక్తికి ముందే చెప్పాలి.

దించేటప్పుడు ఇదే విషయం మళ్లీ గుర్తుంచుకోవాలి. వాలు మీద ఉన్న కారును ఆ గట్టి పెడల్ ఆపలేకపోవచ్చు. కాబట్టి ముందు వించ్ తీగను బిగుతుగా తగిలించి, తర్వాతే బెల్టులు విప్పి, అడ్డుచెక్కలు తీసి, తీగను కొద్దికొద్దిగా వదులుతూ కారును కిందికి దింపాలి. నాలుగు చక్రాలూ చదునైన నేల మీదికి వచ్చి, మళ్లీ అడ్డుచెక్కలు వేసిన తర్వాతే కొక్కెం విప్పాలి.